చంద్రగిరికి పోయే ముందు ఇంట్లో చెయ్యాల్సిన పని

అమ్మా పద్మా,

సెలవుల్లో పిలకాయలిద్దర్నీ చంద్రగిరి మ్యూజియానికి తీసుకుపోవాలని ఉందన్నావు. మంచి పని. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, ఆ రోజు మూసేస్తారు. 15 ఏళ్ల లోపు వాళ్లకు టికెట్ ఉండదు, మీ మొగుడూ పెళ్లాలకే. తిరుపతి నుంచి ఎంత దూరం, 15 కిలోమీటర్ల లోపే కదా అని దోవలో శ్రీనివాస మంగాపురం దర్శనం కూడా కలుపుకుంటారు చాలామంది. వద్దు. పొద్దున క్యూలో నిలబడి కాళ్లు పీకిన పిల్లోడు, కోటలో మ్యూజియం ఉండే రాజమహల్ మెట్ల దగ్గరే కూలబడతాడు.

లోపల ఉండేది రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు. ముట్టుకోకూడదు. ‘ముట్టుకోవద్దు’ అని ఊరికే అరిస్తే వినరు, కారణం చెప్పు: చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, అది కంచును మెల్లగా తినేస్తుంది. అయినా ఆ వయసులో చేతులు ఊరుకోవు. అందుకే చేతి పని ముందు వారమే ఇంట్లో చేయించు. అక్కడికి ఒక్క ప్రశ్నతో పొమ్మను: ‘ఈ మూడంతస్తుల మేడలో దూలాలు ఏవి?’ రాజమహల్‌లో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. మరి పై అంతస్తు దేని మీద నిలబడింది? కమానుల మీద. కమాను సంగతి నోటితో చెబితే తలకెక్కదు, కట్టించాల్సిందే.

బంకమన్ను మూడు పాళ్లు, సన్న ఇసుక ఒక పాలు కలిపి చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా పిసకండి. ఇసుక వెయ్యకపోతే ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. అట్ట మీద ఒకే కేంద్రం నుంచి 6 సెంటీమీటర్లకు ఒకటి, 9 సెంటీమీటర్లకు ఒకటి, రెండు అరవృత్తాలు గీసి, ఆ పట్టీని 7 సమభాగాలు చెయ్యి. అందులో ఒక భాగం కత్తిరిస్తే అదే అచ్చు: కింద సన్నం, పైన వెడల్పు. దాన్ని మన్ను మీద పెట్టి, 5 సెంటీమీటర్ల మందంలో 7 ముక్కలు కోయించు. ఎనిమిది చేస్తే నట్టనడిమికి ముక్క రాదు, సందు వస్తుంది. నీడలో మూడు రోజులు, పూటకొకసారి తిప్పుతూ ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో పెడితే ఒక వైపే ఆరి వంకర పోతాయి.

ఇప్పుడు రెండు ఇటుకలు 12 సెంటీమీటర్ల ఎడంలో పడుకోబెట్టు. మధ్యలో 12 సెంటీమీటర్ల అడ్డం ఉన్న గుండ్రటి డబ్బాను పక్కకు పడుకోబెట్టి, దాని కింద వేలు మందాన అట్టముక్కలు పెట్టు. డబ్బా సగం ఎత్తు ఇటుక పైఅంచుకు సరిపోవాలి. అది తేడా వస్తే మొదటి ముక్కలు పక్కకు జారిపోతాయి. ముక్కల్ని రెండు వైపుల నుంచీ సమంగా పేర్చుకుంటూ వచ్చి, నడిమి ముక్క చివర్న దించాలి. మన్ను ఆరితే ముక్కలు చిన్నవవుతాయి కాబట్టి సందులు తప్పవు, తడిమన్ను పెట్టి పూడ్చండి. కోటలో సున్నం చేసిన పని అదే. ఒక పూట ఆగి, అట్టముక్కలు ఒక్కొక్కటే లాగితే డబ్బా కిందికి దిగుతుంది. కమాను నిలబడుతుంది.

పిల్లలు చప్పట్లు కొట్టి అక్కడితో ఆగిపోతారు, ఆగనీయకు. నడిమి ముక్క మీద వేలితో నొక్కమను. ఇటుకలు ఎడం కావాలని చూస్తాయి, కమాను కూలినా కూలుతుంది. ఇటుకల వెనక ఇంకో ఇటుక ఆనించి మళ్లీ కట్టమను, ఈసారి చాలా బరువు మోస్తుంది. ఇది వాళ్ల చేతికి తెలిశాక, రాజమహల్‌లో అంత లావు స్తంభాలు ఎందుకో నువ్వు చెప్పే పనే ఉండదు.

అక్కడ స్కేలు వద్దు. జాన, మూర, బారలతోనే కొలిపించు. నేల మీద స్తంభానికి స్తంభానికి మధ్య దూరం కొలవమంటే అన్నకూ చెల్లెలికీ లెక్క కుదరదు, పోట్లాడుకుంటారు. పోట్లాడనీ. కొలకర్ర ఎందుకు పుట్టిందో వాళ్లే తేలుస్తారు. బొమ్మ గీయడానికి పెన్సిలే ఇవ్వు, పెన్ను మరక రాతికి పడితే పోదు. ఒక్కొక్కరు ఒక్క విగ్రహమే గీస్తే చాలు. అన్నీ చూడాలని లాక్కుపోతే ఏదీ గుర్తుండదు.

రాజుల పేర్లు బట్టీ పట్టించొద్దు. రెండు సంగతులు చాలు. 1565 తళ్లికోట యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్నాక రాజధాని పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి వచ్చింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి 1639లో మద్రాసు స్థలం దొరికింది ఈ చంద్రగిరి రాయల రాజ్యంలోనే. చెన్నైలో ఉండే మీ చిన్నత్త ఇంటికి పోయినప్పుడు ఆ రెండోది పిల్లోడే చెబుతాడు చూడు.

తలుపులు తీసే వేళకే చేరుకుంటే ఎండ ముదరక ముందే కోట బయట తిరగొచ్చు. లోపల గంటన్నర దాటనివ్వొద్దు. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకో, తలకొక లీటరు నీళ్లు. తినేది మహల్ బయట చెట్టు కింద. తిన్నాక రాణీమహల్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేయండి. ఇంకా ఏదైనా ముట్టుకుని తిప్పాలని పేచీ పెడితే అలిపిరి దగ్గర సైన్సు సెంటరు ఉంది, అది ఇంకో ఆదివారానికి.

బంకమన్ను కుండలు చేసే వాళ్లనడిగితే పిసికిందే ఇస్తారు, రాళ్లు ఏరే పని తప్పుతుంది. నాలుగు ఇటుకలు మన పెరట్లో ఉన్నాయి, అబ్బోణ్ణి పంపు.

మీ పెద్దనాయన