గుద్దింది ట్రాక్టర్‌ను, ఆసుపత్రిలో రాయించింది ‘జారి పడ్డాడు’ అని!

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. తాపీ పని చేస్తాను. డిసెంబరు 10 రాత్రి రాజాం నుంచి బైకు మీద వస్తూ, రోడ్డు మీదే ఆపేసిన ధాన్యం ట్రాక్టర్ తొట్టిని గుద్దేశాను. దానికి వెనక లైటు లేదు. కాలు విరిగి రాడ్డు వేశారు. ట్రాక్టర్ మా మేనమామది. ‘కేసెందుకురా, నేను చూసుకుంటా’ అన్నాడు. నాలుగు నెలలైంది, ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. నాకు లైసెన్సు లేదు, హెల్మెట్ పెట్టుకోలేదు. లైసెన్సు ఉన్న మా పెదనాన్న కొడుకు బండి నడిపినట్టు రాయిస్తే పరిహారం వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: మేనమామ మాట తప్పడం గురించి రెండు పేజీలు రాశారు. కోర్టుకి దాంతో పని లేదు. మీరు పంపిన డిశ్చార్జి కాగితంలో ‘బండి జారి పడినట్టు చెప్పారు’ అని ఉంది. మీ కేసు ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయింది. మేనమామ పేరు బయటికి రాకూడదని మీ అన్నయ్య అలా చెప్పాడట! ఇన్సూరెన్సు వకీలు మొదట చూపించేది ఆ కాగితమే. ట్రాక్టరే లేదంటే, ఇక దానికి లైటు లేదన్న మాట ఎవరు వింటారు?

అయినా మేనమామను దేన్నుంచి కాపాడారు? పాలసీ సరిగా నడుస్తుంటే పరిహారం కట్టేది కంపెనీ. ఆ సంగతి అడిగి తెలుసుకోకుండా నాలుగు నెలలు పోగొట్టుకున్నారు.

డ్రైవర్‌ను మార్చే ఆలోచన మాత్రం ఇవాళే మానుకోండి. 108 వాళ్లు ఎక్కించుకున్నది మిమ్మల్ని ఒక్కరినే. ఆ రాత్రి మీ పెదనాన్న కొడుకు ఫోను ఏ టవర్ కింద ఉందో తీయడం ఎంతసేపు? కోర్టులో తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229 కింద 7 ఏళ్ల వరకు జైలు. అసలు ఆ అవసరమే లేదు. లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదంలో తప్పు ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. దానికి జరిమానా 5 వేలు, కట్టుకోండి. హెల్మెట్ అంటారా, విరిగింది కాలు కాబట్టి బతికిపోయారు, కేసులోనూ, బయటా.

మీ హెడ్‌లైటు వెలుగులో తొట్టి ఎందుకు కనపడలేదని తప్పకుండా అడుగుతారు. జరిగింది జరిగినట్టే చెప్పండి. కొంత తప్పు మీ మీద పడి ఆ మేరకు డబ్బు తగ్గొచ్చు. తగ్గనివ్వండి.

2022 ఏప్రిల్ 1 నుంచి క్లెయిము 6 నెలల్లో వేయాలి. ఆ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మీకు జూన్ 10 ఆఖరు, మధ్యలో కోర్టుకి వేసవి సెలవులు. కాబట్టి ముందు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి, ఆలస్యానికి కారణం అందులోనే రాయండి. ఆలస్యమైందని మాత్రమే క్లెయిము కొట్టేయరు. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 108 రికార్డు, ఆ రాత్రి ఎవరైనా ఫోన్లో తీసిన ఫొటోలు, మిమ్మల్ని లేపిన మనిషి సాక్ష్యం, మేస్త్రీ కూలి ఇచ్చిన లెక్క సంపాదించండి. ట్రాక్టర్‌కీ తొట్టికీ వేర్వేరు నంబర్లుంటాయి, రెండింటి పాలసీలూ చూడండి. తర్వాత విజయనగరం జిల్లా కోర్టులోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయించండి.

స్టేషన్‌కి మీ అన్నయ్యను కూడా తీసుకెళ్లండి. ఆసుపత్రిలో ఆ మాట ఎందుకు చెప్పాడో చెప్పాల్సింది ఆయనే.