టెక్ సందేహాలు: చిన్న కెమెరా కొన్నారా? లెన్సుల కిట్ల జోలికి పోకండి

ప్రశ్న: ఈ మధ్యే జేబులో పట్టే డిజిటల్ కెమెరా కొన్నాను. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పడే నీడను, మా వాడకట్టులో బతుకమ్మను మంచిగా తీయాలని కోరిక. ఆన్‌లైన్‌లో వైడ్ (ఎక్కువ మేర పట్టేది), మాక్రో (బాగా దగ్గరి వస్తువులకు), టెలి (దూరపు వాటికి) లెన్సులు కలిపి ఒక కిట్ చవగ్గా దొరుకుతోంది. తీసుకోవచ్చా? ఇంకేమేం కొనాలి?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: ఆ కిట్ కొనకండి. డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాలకైతే లెన్స్ ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చు. మీది లాంటి జేబు కెమెరాలో (కాంపాక్ట్) లెన్స్ బాడీకే బిగించి ఉంటుంది, మార్చడం కుదరదు. కిట్‌లో వచ్చేవి దాని ముందు అయస్కాంతంతోనో రింగుతోనో అతికించే అద్దాలు మాత్రమే. వాటితో తీస్తే ఫొటో నడుమ భాగం పర్వాలేదనిపించినా అంచులు మసకబారతాయి. ఆకాశానికి ఎదురుగా ఉన్న కొమ్మలు, గోపురాల చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. స్విచ్ వేయగానే లెన్స్‌ను బయటికి నెట్టేది లోపలున్న చిన్న మోటారు. దాని మీద అదనపు బరువు పడితే లెన్స్ మధ్యలో ఇరుక్కుని 'లెన్స్ ఎర్రర్' చూపించొచ్చు. అప్పుడు రిపేరుకు కిట్ ధర కంటే ఎక్కువే వదులుతుంది. రికో జీఆర్ 3 లాంటి కొన్ని మోడళ్లకు కంపెనీయే విడిగా వైడ్ కన్వర్షన్ లెన్స్ తెచ్చింది. మీ కెమెరా మాన్యువల్‌లో అలాంటిది ఉంటే సరే, లేకపోతే ఆ ఆలోచన మానేయండి.

ఆ డబ్బుతో ముందు ఒక మినీ ట్రైపాడ్ కొనండి. కెమెరా అడుగున ఉండే మర దాదాపు అన్ని కంపెనీల్లోనూ పావు అంగుళమే కాబట్టి ఏ ట్రైపాడ్ అయినా పడుతుంది. పానగల్‌లో మీకు ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది. గర్భగుడి చీకటిగా ఉంటుంది, నీడ పలచగా ఉంటుంది. అక్కడ ఫ్లాష్ వేస్తే మీరు తీయాలనుకున్న నీడే ఆ వెలుగులో చెరిగిపోతుంది. పూజారి గారిని అడిగి, ఫ్లాష్ ఆపేసి, ట్రైపాడ్ మీద పెట్టి ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) 200కు తగ్గించండి. రెండు సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కినప్పటి కుదుపు ఫొటోలోకి రాదు. కెమెరా తనంతట తాను చీకటిని వెలుగుగా మార్చాలని చూస్తుంది, దాంతో నీడ బూడిద రంగుకు తిరుగుతుంది. ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7 దగ్గరో మైనస్ 1 దగ్గరో పెట్టి రెండూ తీసి చూసుకోండి. జూమ్ మాత్రం చేయకండి. చిన్న కెమెరాల్లో జూమ్ చేసేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. లెన్స్ రంధ్రం కొలత అయిన ఎఫ్ నంబర్ (పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు) 3.5 నుంచి 7కు పోయిందంటే మిగిలేది నాలుగో వంతే. ట్రైపాడ్‌కు ఒప్పుకోకపోతే కెమెరాను స్తంభానికి ఆనించి ఊపిరి బిగబట్టి తీయండి.

బతుకమ్మకు ఆ ట్రైపాడ్ ఉపయోగం తక్కువ. కెమెరా కదలకపోయినా ఆడేవాళ్లు కదులుతూనే ఉంటారు కదా! షట్టర్ స్పీడ్ సెకనులో 1/125 వంతు కంటే నెమ్మదించనివ్వకండి, ఐఎస్‌ఓ 1600 దాకా పెంచండి. ఫొటోలో కాస్త గరుకుదనం వచ్చినా ఫర్వాలేదు, ముఖాలు మసకైతే మాత్రం ఏమీ చేయలేం. ఈ కెమెరాల ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి పెద్దగా పనిచేయదు. అందుకే పొద్దుగూకక ముందే, ఆకాశంలో ఇంకా వెలుగుండగానే మొదలుపెట్టండి. తంగేడు పసుపు ఆ వెలుగులోనే నిజంగా కనిపిస్తుంది.

ట్రైపాడ్ తర్వాత స్పేర్ బ్యాటరీ. కెమెరా పేరు చెప్పి కొనొద్దు, మీ బ్యాటరీ మీద ముద్రించిన నంబర్ చూసి అదే తీసుకోండి. మరీ చవక నకిలీవి ఉబ్బి కెమెరాలోనే ఇరుక్కుంటాయి. ఎండాకాలంలో కెమెరాను బండి డిక్కీలో వదిలేయొద్దు, నల్గొండ ఎండ సంగతి మీకు చెప్పాలా! లెన్స్ మీద దుమ్ము పడితే ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతోనో కండువాతోనో తుడిస్తే ఆ దుమ్మే గీతలు పెడుతుంది.

ప్రశ్న: పిల్లలమర్రి చెట్టును ఎంత వెనక్కి వెళ్లి తీసినా ఫొటోలో పూర్తిగా పట్టడం లేదు. 30ఎక్స్ జూమ్ కెమెరా తీసుకుంటే పడుతుందా?
– ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పట్టదండీ. జూమ్ దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి తెస్తుంది, ఎక్కువ మేర చూపించాలంటే వైడ్ కావాలి. 30ఎక్స్ అంటే లెన్స్ చివరి కొలతను మొదటి కొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య, అంతే. మీరు చూడాల్సింది ఆ మొదటి కొలత, అది ఎంత చిన్నదైతే అంత ఎక్కువ మేర పడుతుంది. 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 ఎంఎం నుంచి మొదలయ్యే లెన్స్‌కు మూల నుంచి మూలకు దాదాపు 84 డిగ్రీల మేర కనిపిస్తుంది, 28 ఎంఎం అయితే 75 డిగ్రీలే. కొత్తది కొనేముందు మీ దగ్గరున్న కెమెరాలో పనోరమా మోడ్ ఉందేమో చూడండి. అయినా సుమారు మూడెకరాల్లో పరుచుకున్న చెట్టును నేల మీద నిలబడి ఒక్క ఫొటోలో తీయడం ఏ లెన్స్‌కైనా కష్టమే. ఊడలు దిగిన ఒక వైపును ఎంచుకుని, వాటి ముందు ఒక మనిషిని నిలబెట్టి తీయండి, చెట్టు ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. 30ఎక్స్ అక్కరకొచ్చేది అమ్రాబాద్ అడవిలో పిట్టల్ని తీసేటప్పుడు.

ప్రశ్న: మామయ్య ఇచ్చిన పాత కెమెరాలో 64 జీబీ కార్డు వేస్తే ఎర్రర్ వస్తోంది. కెమెరా పాడైందా?
– దేవరకొండ

జవాబు: కెమెరా బాగానే ఉండొచ్చు. కార్డు పెట్టే చోట ఎస్‌డీహెచ్‌సీ అని మాత్రమే రాసి ఉంటే అది 32 జీబీ దాకానే తీసుకుంటుంది. ఉత్త ఎస్‌డీ అని ఉంటే 2 జీబీ కార్డుతో ప్రయత్నించండి. 64 జీబీవి ఎస్‌డీఎక్స్‌సీ రకం, పాత కెమెరాలు వాటిని గుర్తించవు. ఫొటోలకు క్లాస్ 10 (కార్డు వేగాన్ని చెప్పే గుర్తు) కార్డు చాలు. కొత్త కార్డు కొన్నాక కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒకసారి పరీక్షించండి. పైన 32 అని రాసి లోపల 8 జీబీనే ఉన్న నకిలీలైతే అందులో బయటపడతాయి. ఆ తర్వాత కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి వాడుకోండి.