గెలుపు తెలియని రోజులు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నువ్వు పంపిన రాతప్రతి అందిందమ్మా. మీ తాతగారు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టి నిలబెట్టిన కథను నలభై పుటల్లో రాశావు. రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, ఆయన మీద నీకున్న ప్రేమ ప్రతి పుటలోనూ కనబడుతోంది. అయితే పన్నెండో పుటలో ‘మధ్యలో ఒక ఏడాది నష్టం వచ్చినా తాతయ్య పట్టుదలతో గట్టెక్కారు’ అని ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోయావు. నేను మాత్రం అక్కడి నుంచి కదలలేకపోయాను. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

నీ ప్రతి చేరిన రోజుల్లోనే నేను నైకీ బూట్ల కంపెనీ సహ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ ఆత్మకథ ‘షూ డాగ్’ను మళ్ళీ చదువుతున్నాను. 2016లో వెలువడిన పుస్తకం అది. వ్యాపారంలో గెలవడమెలాగో తెలుసుకోవాలని దాన్ని చదివేవారు చాలామంది ఉంటారు గాని, గెలిచిన మనిషి గురించి రాయబోయేవారు చదవవలసిన పుస్తకమని నా నమ్మకం. అందులో ప్రధాన అధ్యాయాలకు సంవత్సరాలే శీర్షికలు: 1962తో మొదలై 1980తో ఆగుతాయి. 1980 డిసెంబరులో కంపెనీ షేర్లు మార్కెట్టుకు వచ్చి, ఆయన కోటీశ్వరుడైన ఘట్టంతో అసలు కథ అయిపోతుంది. లోకమంతా నైకీని ఎరిగిన తర్వాతి దశాబ్దాలన్నిటికీ కలిపి చివర ఒక్క అధ్యాయమే కేటాయించారు. మనవాళ్లు రాసే జీవితచరిత్రలు చాలావరకు సన్మానాలతోనూ, శంకుస్థాపనలతోనూ, పెద్దలతో దిగిన ఫోటోలతోనూ నిండిపోతాయి. ఆయన మాత్రం వాటికి ముందున్న పద్దెనిమిదేళ్లనే పుస్తకం చేశారు. 1965లో ఉన్న మనిషికి 1966లో ఏం జరుగుతుందో తెలియదు. ఆ తెలియనితనాన్ని చెడగొట్టకుండా కాపాడుకోవడమే ఆ రచనకు ప్రాణం.

1971 నాటి సంగతి చూడు. అంతదాకా జపాన్ బూట్లు తెప్పించి అమ్ముతున్న చిన్న సంస్థ సొంత బూట్లు తయారు చేయించాలనుకుంది. గుర్తు కావలసివస్తే క్యారొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీసి ఇచ్చింది. ఆమెకు ముట్టినది 35 డాలర్లు. ఆ గుర్తు నైట్‌కు అంతగా నచ్చలేదు. ఆ కొత్త బూట్లకు ఆయన పెట్టాలనుకున్న పేరు ‘డైమెన్షన్ సిక్స్’. ‘నైకీ’ అనే పేరు జెఫ్ జాన్సన్ అనే ఉద్యోగికి కలలో తోచింది. గడువు ముంచుకొస్తుంటే మనసొప్పక మనసొప్పక ఆ పేరే ఖాయం చేశారు. ఇదంతా ఆయన స్వయంగా చెప్పుకున్నదే. ‘ఆ గుర్తును చూడగానే దీనికి తిరుగులేదని గ్రహించాను’ అని ఆయన రాసుకుని ఉంటే కాదనేవారెవరు? అలా రాయలేదు కాబట్టే నాకు ఆ పుస్తకం మీద గురి కుదిరింది.

ఇప్పుడు మీ తాతగారి ఏడాది దగ్గరికి వస్తాను. నైట్ పుస్తకంలో పుటలకు పుటలు సాగేది డబ్బు కటకట. అమ్మకాలు ఏటేటా పెరుగుతున్నా చేతిలో రూపాయి నిలవదు, ఎందుకంటే వచ్చినదంతా మరింత సరుకు తెప్పించడానికే పోతుంది. సొంత పెట్టుబడి లేకుండా ఇంత వేగమేమిటని బ్యాంకువారు మందలిస్తూనే ఉంటారు. 1975లో నిషో అనే జపాన్ వర్తక సంస్థకు బాకీ కట్టడం కోసం ఖాతాలన్నీ ఊడ్చిపెట్టడంతో ఉద్యోగుల జీతాల చెక్కులు వెనక్కి వచ్చాయి, బ్యాంకు వీరి ఖాతాలను వదిలించుకుంది. చివరకు ఆ నిషోయే ముందుకొచ్చి బ్యాంకు అప్పు తీర్చింది. ఈ భాగం చదువుతున్నంతసేపూ నాకు చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలే కళ్లముందు మెదిలాయి. తోతాపురి కాయ దిగే ఆ రెండు నెలల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొనాలి. కూలీలకు, కరెంటుకు, ఖాళీ డబ్బాలకు అప్పుడే చెల్లించాలి. తయారైన గుజ్జు మాత్రం 3.1 కిలోల డబ్బాల్లో గోదాము నిండా పేర్చి ఉండి, కొనేవారు కొన్నప్పుడే కదులుతుంది. డబ్బంతా డబ్బాల్లోనే ఉంటుంది. గోదాము నిండా సరుకున్న మనిషే శనివారం కూలీ ఇవ్వలేక తల దించుకునే పరిస్థితి ఆ వ్యాపారంలోనే ఉంది. ‘నష్టం వచ్చింది’ అన్న నీ రెండు మాటల్లో ఇదంతా మూతపడిపోయింది. అది నిజంగా నష్టమేనా, లేక సరుకు ఉండి డబ్బు ఆడకపోవడమా? ఈ రెండూ వేర్వేరు కష్టాలు, మనిషి చేత వేర్వేరు పనులు చేయిస్తాయి.

రాయడానికి చేయి వణికే సంగతి ఇంకొకటి ఉంది. జపాన్ సరఫరాదారు తనను వదిలి వేరే పంపిణీదారులను వెదుకుతున్నాడన్న అనుమానంతో, ఆ కంపెనీ ప్రతినిధి గదిలో లేని సమయం చూసి, అతని పెట్టెలోంచి ఒక ఫైలు తీసి చూశానని నైట్ ఒప్పుకున్నారు. జాన్సన్ రోజూ రాసిన ఉత్తరాలకు జవాబివ్వని తన స్వభావాన్నీ దాచలేదు. ఆ పనులను నేను సమర్థించను. ఆయన వాటిని పుస్తకంలో ఉండనిచ్చినందుకు గౌరవిస్తాను. మీ తాతగారి గేటు బయట కాయ ట్రాక్టర్లు బారులు తీరి, ఎండకు కాయ మెత్తబడుతుంటే దిగులుగా నిలబడిన రైతులు నీ ప్రతిలో ఎక్కడా లేరు. ఆ ఏడాది ఎవరి డబ్బు ఆగింది? ఎన్నాళ్లు ఆగింది? అడగడం కష్టమే. మనవరాలివి కాబట్టి మరీ కష్టం. అయినా ఆ మాట నువ్వే అడగాలి, ఎందుకంటే బయటివాళ్లు అడిగితే ఆయన చెప్పరు.

నేను అడిగి తెలుసుకుని కూడా రాయకుండా వదిలేసినది ఒకటి ఉంది. పాతికేళ్ల కిందట ఇక్కడ పాత్రల అంగడి నడిపిన ఒక పెద్దాయన షష్టిపూర్తి సంచికకు ఆయన జీవితం రాసిపెట్టాను. మొదటి రెండేళ్లు అప్పులవాళ్ల కంట పడకూడదని మధ్యాహ్నం పూట షట్టరు సగానికి దించి, లోపల ఇత్తడి బిందెల మధ్య నేలమీద కూర్చుని, కింది సందులోంచి కనబడే కాళ్లను చూసేవాడినని ఆయన నాతో చెప్పారు. చెప్పులను బట్టి మనిషిని గుర్తుపట్టేవారట. తెలియని కాళ్లయితే బేరానికి వచ్చినవారని షట్టరు ఎత్తేవారట. పండుగపూట ఆయనకు చిన్నతనంగా ఉంటుందని ఎంచి, ‘ప్రారంభంలో కొన్ని ఒడిదుడుకులను ఎదుర్కొన్నారు’ అని రాశాను. ఆయన ఇప్పుడు లేరు. ఆ సంచికలో నేను రాసిన మిగతాదేదీ నాకు గుర్తు లేదు. ఆ చెప్పులను చూసి మనిషిని పోల్చుకున్న కళ్లు ఏ పుస్తకంలోనూ లేకుండా పోయాయి, ఆ తప్పు నాది.

మన సీమలో ఇలా రాయవలసిన జీవితాలు తక్కువేమీ కావు. పేటమిట్టలో పుట్టి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి, తిరిగి వచ్చి 1985లో అమర రాజా సంస్థను స్థాపించిన గల్లా రామచంద్రనాయుడు గారి పేరు తిరుపతిలో తెలియనివారుండరు. పెద్దపేర్ల సంగతి అటుంచితే, బెల్లం మండీలు, పట్టు మగ్గాలు, పాల కేంద్రాలు నడిపి కుటుంబాలను నిలబెట్టినవారు ఊరూరా ఉన్నారు. వారి మొదటి రోజుల సంగతులు వారితోనే వెళ్ళిపోతున్నాయి. అందుకే నీ ప్రతిని ఇంత పట్టుగా చదివాను.

జూన్‌లో కాయ దిగడం మొదలైతే మీ తాతగారికి తీరిక ఉండదు. ఈలోగానే వెళ్ళి ఆయన పక్కన కూర్చో. ఆ ఏటి చిట్టా, ఆవర్జా ఇంట్లో ఎక్కడో ఉంటాయి, దించమని అడుగు. ఆయనకు గుర్తున్న కథను ముందు చెప్పనిచ్చి, ఆ తర్వాత పద్దు తెరువు. రెండూ కలవని చోట కలం ఆపి, ఎందుకని నెమ్మదిగా అడుగు. మీ అవ్వను విడిగా అడుగు, ఆ ఏడాది ఇంట్లోంచి ఏం కుదువకు పోయిందో ఆమెకు తెలిసి ఉంటుంది. పన్నెండో పుటలోని ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని చోట ఆ ఏడాదిని నెలనెలా రాసుకుంటూ రా. గట్టెక్కుతారని ఎక్కడా ముందుగా చెప్పకు. ఎన్ని పుటలైనా ఫరవాలేదు, అవి నాకు పంపు. మిగతా ముప్ఫై తొమ్మిది పుటల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ ఉత్తరం కోసం ఎదురుచూసే పెద్దవాడు