దాక్కోకుండా వేసిన బాణానికి స్నీక్ అటాక్ వర్తిస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: పాత్రలు ధరించి పాచికలతో ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మీ రోగ్ (దొంగ తరహా పాత్ర) 60 అడుగుల దూరంలో, అందరికీ కనిపించేలా నిలబడి షార్ట్‌బోతో బాణం వేశాడు. మీ జట్టు ఫైటర్ అప్పటికే ఓర్క్ అనే రాక్షసజాతి శత్రువుకు ఎదురుగా నిలిచి కత్తి దూస్తున్నాడు. దాక్కోలేదు కాబట్టి స్నీక్ అటాక్ (రోగ్ దెబ్బకు కలిసే అదనపు పాచికల డ్యామేజీ) లేదని మీ ఆట నడిపే డంజియన్ మాస్టర్ తీర్పు చెప్పారు. మీరు ఆడేది ఈ ఆట ఐదో ఎడిషన్ అయితే ఆ తీర్పు తప్పు.

ఆయనను తప్పుపట్టే అర్హత మాత్రం నాకు లేదు. మా ఆట నడిపేటప్పుడు నేనూ అదే పని చేశాను. నేను ఆట నేర్చుకున్నది 3.5 ఎడిషన్‌లో. అందులో బాణంతో స్నీక్ అటాక్ చేయాలంటే శత్రువు 30 అడుగుల లోపు ఉండాలి. మనవాడు పక్కన నిలబడి పోరాడినంత మాత్రాన విలుకాడికి ఒరిగేదేమీ ఉండదు. ఆ అలవాటుతో 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలను పైపైన చదివేసి, కొన్ని నెలలపాటు మా రోగ్‌కు రావలసిన పాచికలన్నీ నేనే మింగేశాను. ఐదో లెవెల్‌లో అవి మూడు ఆరుముఖాల పాచికలు, అంటే సగటున 10.5 డ్యామేజీ. ఆ లెవెల్‌లో ఫైటర్‌కు రెండో దెబ్బ వస్తుంది, రోగ్‌కు ఉన్నది ఒక్కటే. ఆ పాత్ర ఆడే స్నేహితురాలు ఒకరోజు "నేను వచ్చింది బాణాలు మోయడానికా?" అని అడిగాక గానీ పుస్తకం మళ్లీ తెరవలేదు.

తెరిస్తే ఉన్నది ఇంతే. ఆయుధం ఫినెస్ రకమో (బలానికి బదులు చురుకుదనంతో వాడగలిగేది), దూరం నుంచి ప్రయోగించేదో అయి ఉండాలి. ఆ పైన మీకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) ఉండాలి. అది లేకపోతే లక్ష్యానికి ఐదు అడుగుల లోపు దాని శత్రువు ఒకరు స్పృహలో, పోరాడే స్థితిలో ఉండాలి, మీకు డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్న అంకె తీసుకోవాల్సి రావడం) ఉండకూడదు. దాక్కోవడం అడ్వాంటేజ్ తెచ్చుకునే దారుల్లో ఒకటి, అంతకు మించి దానికి పెద్దపీట లేదు. మమ్మల్నందరినీ తికమక పెట్టింది ఆ 'స్నీక్' అన్న పేరే.

మా బల్ల దగ్గర దీన్ని వాలివధతో తేల్చుకున్నాం. రాముడు చెట్టు చాటున ఉన్నాడు కనుక అడ్వాంటేజ్ ఉంది, సరే. ఆ చెట్టు కొట్టేయండి. సుగ్రీవుడు వాలితో కలబడి ఉన్నాడు కదా, అది చాలు! (అది ధర్మమా కాదా అన్న వాదనకు మాత్రం ఆ రాత్రి గంట పోయింది. నియమాల పుస్తకం అందులో తలదూర్చలేదు.)

అసలు చిక్కంతా డిసడ్వాంటేజ్ దగ్గరే. షార్ట్‌బోతో 80 అడుగులు దాటితే అది వస్తుంది. మిమ్మల్ని చూడగలిగే శత్రువు మీ పక్కనే నిలబడినా వస్తుంది. మాకు ఎక్కువసార్లు తగిలింది మూడోది: మా ఫైటర్ సాయం చేస్తున్నాననుకుని శత్రువును నేల మీద పడేసేవాడు. పడి ఉన్నవాడి మీద దూరం నుంచి బాణం వేస్తే డిసడ్వాంటేజ్, దాంతో స్నీక్ అటాక్ గోవిందా. "దయచేసి వాడిని నిలబడనీ" అని రోగ్ బతిమాలుకోవడం మా ఆటలో మామూలైపోయింది. ఇలాంటప్పుడు ఎక్కడి నుంచైనా అడ్వాంటేజ్ సంపాదిస్తే రెండూ రద్దవుతాయి. పక్కన మనవాడు ఉంటే స్నీక్ అటాక్ మళ్లీ చేతికొస్తుంది.

ఒక చిన్న తేడా ఉంది. 2014 పాఠంలో ఉన్న మాట 'లక్ష్యానికి శత్రువు'. ఒకసారి దొంగల నాయకుడి మీదికి అడవిలోంచి గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు ఉన్న ఔల్‌బేర్ దూకింది. అది మాకూ శత్రువే. అయినా దాన్ని లెక్కలోకి తీసుకుని స్నీక్ అటాక్ ఇచ్చాను. 2024లో సవరించిన పుస్తకం ఆ మాటను 'మీ మిత్రుడు' అని మార్చింది కాబట్టి ఇప్పుడైతే ఇవ్వను.

మీ డంజియన్ మాస్టర్‌తో పోరాటం మధ్యలో వాదించకండి, ఆట లేని రోజున ఆ పేరా చూపించండి. ముందుగా ఏ ఎడిషన్ ఆడుతున్నారో అడగండి. 3.5 అని తేలితే 60 అడుగుల దగ్గర ఆయన మాటే నెగ్గుతుంది, కాకపోతే ఆయన చెప్పిన కారణంతో కాదు.