ఒక్క రూటు, పన్నెండు మిషన్లు

చి. అల్లుడికి,
మావయ్య ఆశీస్సులు.

అమలాపురం ల్యాబులో పన్నెండు మిషన్లనీ ఒకే సిస్టంలా నడపాలన్నావు. సరే. కానీ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద, అంటే సర్వర్‌లోని ఫైళ్లని నెట్‌వర్కులో పంచే పద్ధతిలో, రూటు (సిస్టం ఫైళ్లన్నీ ఉండే మూల డైరెక్టరీ) పంచినంత మాత్రాన పన్నెండు కెర్నళ్లూ (ఒక్కో మిషన్‌ని నడిపే మూల ప్రోగ్రాములు) ఒకటైపోవు. నడుస్తున్న ప్రాసెస్‌ని ఒక మిషన్ నుంచి ఇంకోదానికి జరిపే ఓపెన్‌మాసిక్స్ 2008లోనే ఆగిపోయింది, దాని వెంట పడకు. ఫైళ్లు ఒకటిగా కనపడితే చాలు, పనులు మిషన్లకి పంచడం స్లర్మ్ అనే ప్రోగ్రాము చూసుకుంటుంది.

సర్వర్‌లో రూటుని చదవడానికి మాత్రమే ఎక్స్‌పోర్ట్ చెయ్యి, అంటే మిగతా మిషన్లకి (నోడ్లకి) అందుబాటులో పెట్టు. నో_రూట్_స్క్వాష్ ఆప్షన్ మర్చిపోకు. అది లేకపోతే నోడ్‌లోని రూటు యూజరు (అన్ని అధికారాలూ ఉన్నవాడు) సర్వర్ దగ్గర అనామకుడైపోతాడు, పాస్‌వర్డులుండే షాడో లాంటి ఫైళ్లు తెరుచుకోవు. నోడ్లు పీఎక్స్‌ఈతో (నెట్‌వర్కు నుంచి బూటయ్యే పద్ధతి) లేచి, ఈ రూటు పైన ర్యామ్‌లో ఓవర్‌లే, అంటే రాతలు పట్టుకునే పై పొర, వేసుకోవాలి. ర్యామ్‌లో రాసింది రీబూట్‌తో పోతుంది కాబట్టి లాగ్‌లు సర్వర్‌కి పంపించు. ఈ రూటులో మెషీన్-ఐడీ ఫైలు ఖాళీగా ఉంచు, లేదంటే పన్నెండూ ఒకే గుర్తుతో లేస్తాయి. హోమ్ డైరెక్టరీలకి వేరే ఎక్స్‌పోర్ట్, రాసేలా, సింక్‌తో (రాసింది డిస్కుకి చేరాకే సరే అనేలా). వేగం కోసం ఏసింక్ పెట్టావా, కరెంటు పోయిన రోజు పిల్లల ఫైళ్లకి నువ్వే జవాబు చెప్పాలి.

అందరూ చేసే తప్పు ఒకటుంది: నడుస్తున్న రూటులోనే అప్‌డేట్ చెయ్యడం. నోడ్ వాడుతున్న లైబ్రరీ సర్వర్‌లో చెరిగిపోతే 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' వచ్చి ప్రోగ్రాము ఉన్నపళంగా పడిపోతుంది. ఓవర్‌లే కూడా కింది పొర మారితే ఏం చేస్తుందో చెప్పలేం. రూటుని కాపీ చేసి, కాపీలోకి క్రూట్ అయి (ఆ కాపీనే రూటుగా చేసుకుని) అప్‌డేట్ చేసి, నోడ్లు లేచేటప్పుడు చదివే బూట్ లైన్‌లో కొత్త రూటుకి దారి మార్చి, పనులు అయిపోయిన నోడ్లని ఒక్కొక్కటే రీబూట్ చెయ్యి. పాత రూటు రెండు వారాలు ఉండనీ.

అన్నీ ఒకేసారి ఆన్ చెయ్యకు. గిగాబిట్ తీగలో సెకనుకి దాటేది 110 ఎంబీ, పన్నెండు పంచుకుంటే తలా తొమ్మిది. దాళ్వాలో నీళ్లు వంతులేసినట్టు నాలుగేసి చొప్పున లేపు. సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లు (నోడ్లు అడిగినవి అందించే పనివాళ్లు) ఎనిమిదే ఉంటే 32 చెయ్యి. పీఎక్స్‌ఈ ఐపీ దొరక్క ఆగిపోతుంటే సర్వర్‌ని తిట్టకు, స్విచ్ చూడు: స్పానింగ్ ట్రీ (తీగలు చుట్టు తిరిగి కలిశాయేమోనని స్విచ్ చేసే తనిఖీ) వల్ల పోర్టు తెరుచుకోడానికి 30 సెకన్లు పడుతుంది. ఆ ఎదురుచూపు తప్పించే పోర్ట్‌ఫాస్ట్ పెట్టు.

ఒక నోడ్‌లో రాసిన మార్పు ఇంకో నోడ్‌లో నిమిషం దాకా కనపడకపోవచ్చు. అది ఆట్రిబ్యూట్ క్యాష్ (ఫైలు వివరాల్ని నోడ్ కాసేపు గుర్తుపెట్టుకోవడం) పని. దాన్ని పూర్తిగా ఆపేస్తే నెట్‌వర్కు నలిగిపోతుంది. అందుకే రాసినవాడు ఫైలు మూసెయ్యాలి, చదివేవాడు ఆ తర్వాత కొత్తగా తెరవాలి. రెండు నోడ్లు ఒకే ఫైలు చివర రాస్తే లైన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, నోడ్‌కో ఫైలు పెట్టించు. మిషన్ల గడియారాలు క్రోనీ అనే ప్రోగ్రాముతో కలుపు, లేకపోతే ఫైళ్ల టైము చూసి ప్రోగ్రాములు కట్టే మేక్ గొడవ చేస్తుంది.

తుఫాను రోజుల్లో యూపీఎస్ మీద సర్వరూ, స్విచ్చూ ఉంటే చాలు. మౌంట్ (నోడ్ సర్వర్ ఫైళ్లని తగిలించుకోవడం) హార్డ్‌గానే ఉండాలి, అంటే సర్వర్ పలక్కపోతే పలికేదాకా అడుగుతూనే ఉండాలి. సాఫ్ట్ అయితే రాత మధ్యలో ఎర్రర్ వచ్చి సగం ఫైలే మిగులుతుంది. హార్డ్ అయితే ప్రోగ్రాములు డీ స్థితిలో (సర్వర్ కోసం ఎదురుచూస్తూ) ఆగి, సర్వర్ లేవగానే మళ్లీ కదులుతాయి. ఈలోగా కంగారుపడి నోడ్లు రీబూట్ చేశావో, చేసిన పనంతా గోవిందా.

స్విచ్ మోడల్ ఏదో రాయి, సెట్టింగులు చూసి చెబుతాను.

మావయ్య