నొప్పిగా ఉంటే చెప్పవే, బుజ్జీ

బుజ్జీ,

రాత్రి మీ అమ్మాయి ఫోన్ చేసింది. గర్భసంచి జారినదానికి గురువారం నీకు ఆపరేషన్ అట, పూర్తి మత్తు లేకుండా లోకల్, అంటే అక్కడి వరకే తిమ్మిరెక్కే సూది, ఇచ్చి చేస్తారట. ఇక నాకు నిద్ర పట్టలేదు. భయం ఒకవైపు, 69 ఏళ్లకైనా నా చెల్లెలు నోరు విప్పి డాక్టర్‌కి చెప్పుకుందన్న గర్వం ఒకవైపు. తొమ్మిదేళ్లుగా బాత్‌రూమ్‌లో వేలితో లోపలికి నెట్టుకుని, బయటికొచ్చి వంట చేశావటే! అక్కకి ఒక్క మాట చెప్పలేకపోయావా? అయినా నిన్నెందుకు అనాలి, నేను మాత్రం ఐదేళ్లు ఎవరికి చెప్పాను?

నీ ఆయాసానికి లోకలే మంచిది. గొంతులో గొట్టం ఉండదు, తర్వాత వాంతుల బాధా తక్కువ. వేసుకునే మాత్రలన్నీ, ముఖ్యంగా షుగర్‌వి, రక్తం పలచబడేవి, చీటీ మీద రాసి మత్తు డాక్టర్‌కి చూపించు. ఏది ఆపాలో ఆయన చెప్తారు, నీ అంతట నువ్వు ఆపకు. నీకు యోని దారి మూసి కుట్టేస్తారట కదా. గర్భసంచి లోపలే ఉండిపోతుంది, తర్వాత పరీక్ష చేయడం కష్టం. అందుకని స్కానింగ్, పాప్ పరీక్ష (గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ ఉందేమో చూసేది) ముందే అయ్యాయో లేదో కనుక్కో. ఆ తర్వాత భార్యాభర్తల కలయిక ఉండదు. మరిదిగారితో మాట్లాడావా? సిగ్గుపడి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టేయకు.

ఇప్పుడు నా సంగతి విను. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ల కిందట నాకూ లోకల్ ఇచ్చే చేశారు. కాళ్లు పైకెత్తి పట్టీల్లో పెట్టారు, ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. సూదులు చురుక్కుమన్నాయి, తర్వాత తిమ్మిరెక్కింది. గుంజినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది గానీ నొప్పి ఉండకూడదు. నాకు ఎడమ పక్క మందు సరిగ్గా పట్టలేదు. కారం పూసినట్టు మంట. డాక్టరమ్మ "బాగానే ఉందామ్మా?" అని అడుగుతూనే ఉంది. ప్రతిసారీ "బాగానే ఉందమ్మా" అన్నాను. బీపీ పట్టీ జబ్బని బిగించినప్పుడల్లా అంకె పెరిగింది, 200 దాటింది. ఆవిడ చెయ్యి ఆపేసింది. బీపీ ఎందుకు పెరుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి తల దగ్గరున్న నర్సు, నా కన్నీళ్లు చెవుల్లోకి కారడం చూసి, "మేడమ్, ఈమెకు నొప్పిగా ఉంది" అంది. మళ్లీ సూది ఇచ్చారు. కాసేపటికే మంట పోయింది. ఒక్క మాటతో పోయేదాన్ని ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. "మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుందమ్మా?" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, బాధగా.

నీ పెద్దాడి కాన్పు గుర్తుందా? అమ్మ నీ నోట్లో చీరకొంగు కుక్కి, "వాకిట్లో మగాళ్లున్నారు, అరవకు" అంది. దీపం పట్టుకుని పక్కన నిలబడింది నేనే. రాత్రంతా నువ్వు అరవలేదు. తెల్లారాక "ఎంత ఓర్పో" అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు భయమంతా నీ ఆ ఓర్పు గురించే, బంగారు తల్లీ. కుట్లు గురించి కాదు, మత్తు గురించి కాదు.

యూరిన్ గొట్టం తీశాక ఒంటేలు సాఫీగా రాకపోతే వెంటనే చెప్పు. ఆరు వారాలు బిందె ముట్టుకోకు, మనవణ్ణి ఎత్తుకోకు. ముక్కే అవసరం రాకుండా ఇసబ్గోల్ తాగు. జ్వరం గానీ రక్తం గానీ కనిపిస్తే తెల్లారనిద్దాం అనుకోవద్దు.

బుధవారం సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను. థియేటర్ లోపలికి నన్ను ఎలాగూ రానివ్వరు. నిన్ను తీసుకెళ్లే నర్సుకి మాత్రం తలుపు దగ్గరే చెప్తాను, "మా చెల్లెలు బాగానే ఉందంటే నమ్మకమ్మా, దాని ముఖం చూడు" అని.

నీ అక్కయ్య