అమ్మ నన్ను పళ్ళ డాక్టరని చెప్పేసింది

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో రెండేళ్లుగా డెంటల్ హైజీనిస్టుగా పని చేస్తున్నాను. టెక్కలి నుంచి సంబంధం వచ్చింది. 'అందరి ఎంగిలిలో చేతులు పెట్టే పని' అంటారని భయపడి అమ్మ వాళ్లకు నన్ను పళ్ళ డాక్టరని చెప్పింది. నాకు టెన్షన్‌గా ఉంది. పని మానేయాలా? మెడనొప్పి కూడా వస్తోంది. ఇంట్లో నా పని విలువ తెలిసింది అమ్మమ్మకే. ఆవిడ మాత్రం అడ్డచుట్ట మానదు.

జవాబు: పని మానకండి. ఆ అబద్ధాన్ని మాత్రం నిశ్చితార్థం దాకా పోనివ్వకండి. పెళ్లయ్యాక ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు మాట పడేది మీరే. అమ్మకు ముందుగా చెప్పి, అబ్బాయితో మీరే మాట్లాడండి. 'నేను డాక్టర్ని కాను. పళ్ళకు పట్టిన గార తీస్తాను, పాలిష్ చేస్తాను, ఎలా తోముకోవాలో నేర్పిస్తాను' అంటే చాలు. 1948 నాటి దంతవైద్యుల చట్టంలోనే హైజీనిస్టు పని ఇదేనని రాశారు. ఇది విని వెనక్కి తగ్గే సంబంధమైతే ఇప్పుడే తగ్గనివ్వండి.

ఎంగిలి అన్న మాటకు మన ఇళ్లలో ఎంత బరువుందో నాకు తెలుసు. ఒకరు తాగిన గ్లాసు కడగందే ముట్టని ఇంట్లో పెరిగిన పిల్ల రోజంతా గుట్కా మరకలు, పళ్ళకు రుద్దుకునే పొగాకు ముద్ద గుడాఖు మరకలు గీకుతోందంటే తల్లికి కష్టంగానే ఉంటుంది. ఆమెను తప్పుపట్టకండి. మనిషి మనిషికీ మార్చే గ్లవ్స్, వేడి ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి తీసే పనిముట్లు ఆమె ఎప్పుడూ చూసి ఉండరు. డాక్టరుగారిని అడిగి ఒకరోజు వెంట తీసుకెళ్లండి. క్లీనింగ్ చేస్తే పళ్ళు కదులుతాయని భయపడేవాళ్లకు మీరు ఎంత ఓపిగ్గా నచ్చజెబుతారో చూడనివ్వండి.

మెడనొప్పిని తేలిగ్గా తీసుకోకండి. రోగి నోరు మీ మోచేతి ఎత్తుకు వచ్చేలా కుర్చీ సరిచేసుకోండి, మధ్యమధ్య లేచి నడవండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో కూడా చూసుకోండి.

ఇక మీ అమ్మమ్మగారి సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే ఆ చుట్ట వేడికి అంగిలి తెల్లబారుతుంది, కొందరిలో క్యాన్సర్ దాకా పోతుంది. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆవిడను వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడండి. తెల్లమచ్చ గానీ పుండు గానీ ఉంటే ఆలస్యం చేయకండి. ఏమీ కనిపించకపోయినా ఒకసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మీరు చూస్తున్నప్పుడు టార్చిలైటు అమ్మ చేతికి ఇవ్వండి.